సీదా కిడ్నీ, ఉల్టా కిడ్నీ

ముందే చెప్పేస్తున్నాను, మా మేనేజరంటే నాకు ఒళ్ళు మంట. ఇది రాస్తున్నప్పుడు కూడా మండుతూనే ఉంది. ఆయన వైపు నుంచి కూడా చూడాలి కదా అంటారు మా ఇంట్లో. ఆయన వైపు నుంచి చూడ్డానికి ఆయనకి జీతమిచ్చే వాళ్ళున్నారు, నేనెందుకు చూడాలి?

మా ఆఫీసు అబిడ్స్‌లో, చీరల షాపు మీద అంతస్తులో ఉండేది. షాపూ, బిల్డింగూ, మా కంపెనీ అన్నీ ఒక్కరివే. కింద తాతల నాటి బట్టల వ్యాపారం నడుస్తుంటే పైన సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టిన ఆ పెద్దమనిషిని ఎదురుగా సార్ అనీ, చాటుగా సేఠ్ అనీ అనుకునేవాళ్ళం. మెట్లెక్కుతున్నంతసేపూ కొత్త చీరల గంజి వాసన. ఆయన మాట కూడా షాపులో కూర్చుని బేరమాడే మాటే, మెత్తగా, నవ్వుతూ, చివర్లో ఎక్కడో కోసేది.

మేం చేసే పని ఏమిటో మా అమ్మకి చెప్పడానికి తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి మిక్సీ చూపించి చెప్పాను. స్కాన్ సెంటర్లలో సీటీ బొమ్మలు తెరిచి చూసే పెద్ద సాఫ్ట్‌వేర్ ఒకటుంటుంది, దాన్ని వ్యూయర్ అంటారు. అది మిక్సీ. దానికి తగిలించుకునే జార్లు మావి. చట్నీకొకటి, పొడులకొకటి ఉన్నట్టు లివర్ కొలవడానికొకటి, కిడ్నీలు కొలవడానికొకటి. వాటిని మాడ్యూల్స్ అంటాం. వ్యూయర్ చేసేవాళ్ళు కొత్త వర్షన్ తెస్తే మా పాత జార్లు దానికి పట్టవు. పట్టేట్టు మళ్ళీ రాయాలి. దానికి మైగ్రేషన్ అని పేరు.

"అంటే ఉన్నదాన్నే మళ్ళీ చెయ్యడానికి జీతమిస్తారన్నమాట" అంది అమ్మ.

నాది టెస్టింగ్. వేరేవాళ్ళు రాసినదాంట్లో తప్పులు పట్టడం. నా నోటికి దేవుడు సరిగ్గా సరిపోయే ఉద్యోగమే ఇచ్చాడని మా వాళ్ళంటారు.

కిడ్నీ మాడ్యూల్ రాసినాయన్ని ఆఫీసంతా అన్న అని పిలిచేది. యాభై దాటిన మనిషి, పాతబస్తీ దగ్గర పుట్టి అఫ్జల్‌గంజ్‌లో పెరిగినవాడు. కంపెనీకి మొదటి ఉద్యోగి. బీకాం చదివి, కోఠిలో ఏదో కోర్సు చేసి, మిగతాదంతా తనకు తనే నేర్చుకున్నానని రోజూ ఒకసారైనా చెప్పేవాడు. మంచివాడని చెప్పను. నోట్లో పాన్, మాటల్లో గొప్పలు. ఎవరి కోడ్ చూసినా "ఏంది గీ కచరా" అనకుండా కుర్చీలోంచి లేచేవాడు కాదు. తన కోడ్‌లో మాత్రం ఎందుకు రాశాడో ఒక్క ముక్క వివరం రాసేవాడు కాదు. "అకల్ ఉన్నోనికి సమజ్ అయితది, లేనోనికి రాసినా కాదు" అనేవాడు. అకల్ అంటే బుర్ర. నేను పుట్టింది నాంపల్లిలోనే. మా తాత గుంటూరు వైపు నుంచి గుమాస్తా ఉద్యోగానికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అయినా అన్నకి నేను నిన్ననే బస్సు దిగిన ఆంధ్రా చెల్లెనే.

చేరిన కొత్తలో నన్నొకసారి నాంపల్లిలోని స్కాన్ సెంటర్‌కి పంపాడు. దారి అడిగితే, "స్టేషన్ దాటినంక సీదా చేతికి తిరుగు" అన్నాడు. నేను సీదా అన్న ముక్క పట్టుకుని సీదాగా నడిచి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ గోడ దాకా పోయాను. తిరిగొచ్చి విసుక్కుంటే పొట్ట పట్టుకుని నవ్వాడు.

"సీదా అంటే సీదా గాదు చెల్లె. సీదా చెయ్యి. అన్నం తినే చెయ్యి. గింత గూడ ఎర్క లేదా, ఏమూరు మీది?"

"ఈ ఊరే అన్నా."

"మరి ఎడమ చెయ్యి ఏంది చెప్పు?"

చెప్పలేకపోయాను. ఉల్టా చెయ్యి అట. మా ఇంట్లో అలా అనరు. మా వీధిలో అంటారు కానీ నాకెప్పుడూ పట్టలేదు. చాయ్‌కి వెళ్ళిన ప్రతిచోటా నా కథ చెప్పి నవ్వించాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది, కానీ ఆ మాటలు మాత్రం మళ్ళీ మర్చిపోలేదు.

ఆయన కోడ్ తెరిచి చూస్తే అందులో కూడా అవే మాటలు. ఇంగ్లీషు అక్షరాల్లో సీదా, ఉల్టా. సీదా కిడ్నీ, ఉల్టా కిడ్నీ. మొదట్లో పొగరనుకున్నాను. అడిగితే, ఆ ఒక్కసారికి గొప్పలు పక్కనబెట్టి సరిగ్గా చెప్పాడు. స్కాన్ బొమ్మలో మన ఎడమ చేతి వైపు కనిపించేది పేషెంట్ కుడి వైపు. ఎదురుగా నిలబడ్డ మనిషిని చూస్తున్నట్టు. అందుకని కోడ్‌లో కుడి అని రాస్తే, స్క్రీన్ కుడివైపా, పేషెంట్ కుడివైపా అని రాసినవాడికే అయోమయం. ఈ తిరకాసులో మా వాళ్ళు ఎన్నిసార్లు బోల్తా పడ్డారో చెప్పలేను. అందుకని ఆయన లెఫ్ట్, రైట్ అనే మాటలు స్క్రీన్‌కి వదిలేశాడు. పేషెంట్ ఒంటికి సీదా, ఉల్టా పెట్టుకున్నాడు. ఆ మాడ్యూల్‌లో కుడి ఎడమల తప్పు నేనెప్పుడూ పట్టలేకపోయాను. పట్టాలని ఎంత ప్రయత్నించానో నాకు తెలుసు.

ఆ మాడ్యూల్ ఆయన రాయడానికి కారణం వదిన. ఆయన భార్యని అందరం వదిన అనేవాళ్ళం. ఆవిడకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి, ఎడమది మరీ ఎండిపోయి చిన్నదైపోయింది. వారానికి రెండుసార్లు నాంపల్లిలోని ప్రైవేటు దవాఖానలో డయాలసిస్. మొదటిసారి స్కాన్ తీసినప్పుడు అక్కడి టెక్నీషియన్ మౌస్ పట్టుకుని తంటాలు పడుతూ కొలవడం చూసి, వరండాలో కూర్చునే ఈయన రాయడం మొదలుపెట్టాడు. పేరు చెరిపేసిన ఆ స్కాన్‌నే మేం పరీక్షలకు వాడేవాళ్ళం, వదిన ఒప్పుకునే ఇచ్చింది. ఆఫీసులో దాని పేరే వదిన స్కాన్.

డయాలసిస్ ఖర్చంతా కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్స్ కార్డు మీద నడిచేది. అన్నకి జీతం కన్నా ఆ కార్డు ముఖ్యం. ఈ వయసులో, ఆ బీకాంతో, వేరే ఎవరూ ఉద్యోగమివ్వరని ఆయనకి తెలుసు. సేఠ్‌కి ఇంకా బాగా తెలుసు. జీతం పెంచమని అన్న ఎప్పుడడిగినా, "కార్డు ఉంది గదా నీకు" అనేవాడు సేఠ్. అన్న నవ్వేసి వచ్చి పాన్ వేసుకునేవాడు.

అప్పుడు దిగాడు మా మేనేజర్. విజయవాడలో చదివి, చెన్నైలో ఉద్యోగాలు చేసి, నలగని చొక్కా వేసుకుని వచ్చాడు. ఏదో విదేశీ కంపెనీ మా మాడ్యూల్స్ కొనాలని చూస్తోంది, వాళ్ళతో మాట్లాడ్డానికి సేఠ్ తెచ్చుకున్న మనిషి. అదే సమయానికి వ్యూయర్ కొత్త వర్షన్ వచ్చింది. పాతదానికి ఇక దిక్కు లేదు, అన్నిటినీ మార్చాలి. కొనేవాళ్ళు ముందుగా చూసేది కిడ్నీ మాడ్యూలే అని, దాన్ని అన్న చేతికివ్వకుండా తనే మారుస్తానన్నాడు మేనేజర్. అన్నకి లివర్‌ది ఇచ్చాడు.

"నా బిడ్డని నేను సాక్కోవద్దంట" అన్నాడు అన్న నాతో, చాయ్ దగ్గర. నవ్వుతూనే అన్నాడు.

మేనేజర్ కోడ్ తెరిచి మొహం చిట్లించాడు. ఈ ఊరి భాషలో పేర్లేమిటి, విదేశీ వాళ్ళు చూస్తే నవ్విపోతారు అని, అన్నీ ఒక్క దెబ్బన ఇంగ్లీషులోకి మార్చాడు. హిందీ సినిమాల హిందీ వచ్చు ఆయనకి. సీదా అంటే తిన్నగా ఉన్నది, ఉల్టా అంటే తిరగేసినది. సీదా కిడ్నీ మామూలు కిడ్నీ అయింది. ఉల్టా కిడ్నీ తిరగేసిన కిడ్నీ అయింది. తీరా చూస్తే కోడ్‌లో తిరగేసే లైను ఎక్కడా లేదు. పక్కన కూర్చున్న మనిషిని అడిగితే పోయేది. అడగలేదు. ముసలాయన మర్చిపోయాడనుకుని తనే రాసి పెట్టాడు. దాంతో ఎడమ కిడ్నీ వంతు వచ్చినప్పుడల్లా మాడ్యూల్ బొమ్మని అద్దంలోలా తిప్పేసి, కుడిదాన్నే మళ్ళీ కొలిచేది.

వదిన స్కాన్ మీద ఒక్కసారి నడిపితే దొరికిపోయేది. కానీ ఉద్యోగి భార్య స్కాన్ వాడడం పద్ధతి కాదని దాన్ని ముందే తీసేయించాడు. టెస్టింగ్‌కి నా దగ్గరకీ పంపలేదు. కొనేవాళ్ళకి మాట ఇచ్చాం, ముందు నాంపల్లి సెంటర్‌లో పెట్టించి తర్వాత పరీక్షిద్దాం అన్నాడు. నేను అరిచాను. నా అరుపులకి ఆ ఆఫీసు అలవాటుపడి చాలా కాలమైంది.

నాంపల్లి సెంటర్‌లో రిపోర్టులు రాసే డాక్టరమ్మ పెద్దావిడ, ఎవర్నీ లెక్కచెయ్యదు. ఒకరోజు ఆవిడ ఫోన్ చేసింది. మేనేజర్ గొప్పగా స్పీకర్ పెట్టాడు, మెచ్చుకోవడానికి చేసిందనుకుని.

"ఏందయ్యా, నాంపల్లి మొత్తంల అందరికీ కవల కిడ్నీలే ఉన్నయా? ఎవర్ని పండవెట్టినా సీదాది ఎంతుందో ఉల్టాది గంతే చూపిస్తున్నది మీ డబ్బా. ఒకాయనకైతే ఒక్కటే కిడ్నీ ఉంది, ఒకటి ఎప్పుడో తీసేసిన్రు. ఆయనకి గూడ రెండు చూపిస్తున్నది. నేను చూసుకున్న గనక సరిపోయింది. తీసేయున్రి దీన్ని."

నేను పకపకా నవ్వాను. మేనేజర్ మొహం మాడిపోయింది. ఆ నవ్వుకి నాకిప్పటికీ పశ్చాత్తాపం లేదు.

సాయంత్రానికల్లా సేఠ్ గదిలో కూర్చున్నాం, సేఠ్, మేనేజర్, అన్న, నేను. పాత కోడ్, కొత్త కోడ్ పక్కపక్కన పెట్టి నేనే చెప్పాను. ఇక్కడ సీదా అంటే కుడి, ఉల్టా అంటే ఎడమ, ఎందుకంటే స్క్రీన్ కుడి వేరు, పేషెంట్ కుడి వేరు. ఈయన తిరగేయడం అనుకుని తిరగేశారు. అన్న రాసినదాంట్లో తప్పేం లేదు. ఇంత స్పష్టంగా జీవితంలో నేనేదీ చెప్పి ఉండను. అన్న నా వంక చూసి కన్ను గీటాడు. గెలిచేశాం అనుకున్నాం ఇద్దరం.

సేఠ్ నవ్వాడు కూడా. "ఏంది సాబ్, ఉల్టా చెయ్యి ఎర్క లేదా?" అని మేనేజర్‌ని అడిగాడు.

మేనేజర్ తడబడలేదు. అదే అతని తెలివి. "నాకు తెలియకపోవడమే అసలు సమస్యండి సార్. రేపు కొనేవాళ్ళకి తెలుస్తుందాండి? వైద్యానికి వాడే సాఫ్ట్‌వేర్‌లో ఒక మాటకి రెండర్థాలుంటే ఎంత ప్రమాదమో ఇవాళ చూశాం. ఇదంతా ఎక్కణ్ణించి వచ్చిందని వాళ్ళడిగితే మనం ఏదో ఒకటి చెప్పాలి కదండీ."

నేను విప్పి చూపించిన సాక్ష్యమే అన్న మెడకి తాడులా పేనాడు. సేఠ్ చాలాసేపు కిటికీలోంచి కింద ట్రాఫిక్ చూశాడు. మేనేజర్ లేకుండా ఆ బేరం కుదరదు. అన్న లేకపోతే ఏ బేరమూ ఆగదు. ఆ లెక్క ఆయన మొహంలో నడవడం నాకు కనిపించింది.

"గింత సోచాయించి పేర్లు పెట్టినోనివి, ఎందుకు పెట్టినవో రాయాలె గదా" అన్నాడు అన్నతో.

"మీకు చెప్పిన గద సేఠ్. గప్పుడు మీరు నా పక్కనే కూసొని నవ్విన్రు. మస్తుగ పెట్టినవ్ అన్నరు."

మొహం మీదే సేఠ్ అనేశాడు, తొందర్లో. సేఠ్ కళ్ళు ఒక్క క్షణం చిన్నవయ్యాయి.

"నాకు యాదికి లేదు" అన్నాడు. తర్వాత గొంతు మెత్తబడింది. "పోనీ తియ్. నువ్వే బాగుచేసి ఇయ్యి. చేసినంక జర రెస్ట్ తీస్కో. ఇంట్ల బీమారున్నది, నీకూ వయసైతున్నది. గీ బేరం అయినంక నేనే పిలుస్త."

రెస్ట్ అన్నాడు. రెస్ట్ అనే మాటకి కూడా రెండర్థాలున్నాయని ఆ గదిలో ఇద్దరికి తెలుసు. ఆ ఇద్దరిలో అన్న లేడు. నేనూ లేను.

అన్న కూర్చుని బాగుచేశాడు. పేర్లన్నీ ఇంగ్లీషులో పెట్టాడు, పేషెంట్ కుడి, పేషెంట్ ఎడమ అని. ప్రతి ముక్కకీ వివరం రాశాడు, జీవితంలో మొదటిసారి. మేనేజర్ వెనకాల నిలబడి, చిన్నపిల్లాడికి కాపీ రాయిస్తున్నట్టు, ఇక్కడ ఖాళీ వదలండి, అక్కడ పెద్దక్షరం పెట్టండి అని చెప్తూనే ఉన్నాడు. అన్న ఒక్కసారి కూడా కచరా అనలేదు. ఆయన అలా నోరు మూసుకుని కూర్చోవడం చూడలేక నేను మాటిమాటికీ మంచినీళ్ళకి లేచాను.

పరీక్షకి వదిన స్కాన్ మళ్ళీ తెప్పించాను. పద్ధతి కాదని ఈసారి ఎవరూ అనలేదు. కుడి కిడ్నీ కొలత వచ్చింది. తర్వాత ఎడమది, ఎంత ఉండాలో అంత, ఎండిన రేగుపండంత. "వచ్చింది!" అని అరిచాను. ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. సేఠ్ గదిలోంచి వచ్చి, "శభాష్" అన్నాడు. మేనేజర్ స్వీట్లు తెప్పించాడు. ఒక మనిషి కిడ్నీ చచ్చిందని ఖాయమైనందుకు అందరం బాదుషాలు తిన్నాం. అన్న కూడా తిన్నాడు, వదిన కోసం ఒకటి కాగితంలో చుట్టుకున్నాడు. సంచి భుజానికి తగిలించుకుని, "వస్త చెల్లె, పిలిచినంక కలుద్దాం" అని మెట్లు దిగాడు.

కొనేవాళ్ళు వచ్చారు, చూశారు, కోడ్ చాలా శుభ్రంగా ఉందన్నారు. మేనేజర్ అది తన పద్ధతి అని చెప్పుకున్నాడు. పక్కనే నిలబడి విన్నాను. బేరం కుదిరింది. అన్నని ఎప్పుడు పిలుస్తారని సేఠ్‌ని అడిగితే, "పిలుద్దాం పిలుద్దాం" అని షాపులోకి దిగిపోయాడు.

తర్వాత కొద్ది రోజులకి, భోజనం డబ్బా తెరుస్తుంటే అన్న ఫోన్ చేశాడు. దవాఖాన కౌంటర్ దగ్గర ఉన్నట్టుంది, వెనకాల టోకెన్లు పిలుస్తున్నారు.

"చెల్లె, జర ఒక పని చెయ్యి. గీడ కార్డ్ నడుస్తలేదంటున్రు. మళ్ళ మళ్ళ చూసిన్రు, వద్దంటున్నదంట. ఏదో బగ్ ఉన్నట్టుంది. టెస్టింగ్‌దానివి గదా, మనోళ్ళని అడిగి జర చూడు. మీ వదినని మిషన్ మీద ఎక్కియ్యాలె, మొఖమంత ఉబ్బింది."

ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి మా అకౌంట్స్ ఆవిడని అడిగాను. ఆవిడ అన్నం కలుపుతూ తలెత్తకుండానే చెప్పింది. "ఆయన రిజైన్ చేశారు కదండీ. కార్డు తీసేయమని సార్ చెప్పారు, తీసేశాం."

"రిజైన్ చేశానని ఆయన చెప్పారా?"

"నాకు సారే చెప్పారు."

సేఠ్ గది తలుపు వేసి ఉంది. లోపల మేనేజర్ నవ్వు వినిపిస్తోంది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాను. ఏది పనిచేస్తోందో, ఏది చెడిపోయిందో ఉన్నదున్నట్టు చెప్పడమే కదా నా ఉద్యోగం. చెప్పాను.

"అన్నా, బగ్ కాదు."

"మరేంది?"

"మీరు రిజైన్ చేసినట్టు పెట్టేశారు. కార్డు తీసేశారు అన్నా."

"రెస్ట్ అన్నడు గద" అన్నాడు, చిన్నగా. ఆ మనిషి గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకు తెలీదు.

"అక్కడే ఉండండి. నేను వస్తున్నా. డబ్బు నేను కడతా, మీరు కదలొద్దు" అంటూ డబ్బా అలాగే వదిలేసి లేచాను. ఆయన వినడం లేదు. ఫోన్ చేతిలోనే కిందికి దించినట్టున్నాడు, పెట్టేయలేదు. వదినతో మాట్లాడుతున్నాడు.

"లే, పోదాం. సర్వర్ డౌన్ ఉందంట. మనోళ్ళు చూస్తున్రు."

"రేపటిదాంక ఏం గాదా?" అంది వదిన.

"ఏం గాదు. రేపు పక్కా నడుస్తది."